జలుబు పోయినా దగ్గు ఎందుకు పోదు? వైరస్‌లు, శ్వాసనాళాల్లోని నరాలు, వాపు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం నడుమ ఒకసారి, సంక్రాంతి చలికి ఇంకోసారి గుంటూరు, విజయవాడల్లో ఇంటింటా జలుబు తిరుగుతుంది. జ్వరం నాలుగు రోజుల్లో దిగిపోతుంది, దగ్గు మాత్రం నెల పీడిస్తుంది. ఆ మిగిలిపోయిన దగ్గు గురించి, దాని వెనకున్న నరాల గురించి మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

జ్వరం తగ్గి మూడు వారాలైంది, దగ్గు వదలడం లేదు. వైరస్ ఇంకా లోపలే ఉందా?

చాలామందిలో ఉండదు. మామూలు జలుబు వైరస్‌నీ ఫ్లూనీ ఆరోగ్యవంతుడి ఒళ్లు వారం పది రోజుల్లో వదిలించుకుంటుంది. తర్వాత మిగిలేది వైరస్ కాదు, అది రేపిపోయిన చికాకు. పెద్దవాళ్లలో దగ్గు 3 నుంచి 8 వారాలు ఉండి, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, మొదలవడం జలుబుతోనో ఫ్లూతోనో అయితే దాన్ని వైరస్ తర్వాతి దగ్గు అంటారు. ఎక్కువ శాతం దానంతటదే పోతుంది. 8 వారాలు దాటినా అదే పేరు పెట్టుకుని కూర్చోకూడదు, అప్పుడు వేరే కారణం వెతకాల్సిందే. పిల్లల్లో ఆ గడువు 4 వారాలే.

దగ్గుకీ నరాలకీ ఏమిటి సంబంధం?

దగ్గు పుట్టేదే నరంలో. తల అడుగు నుంచి మెడ మీదుగా ఛాతీలోకి దిగే వేగస్ నరం తన కొమ్మలను స్వరపేటికకీ, శ్వాసనాళాలకీ పంపుతుంది. ఆ కొమ్మల చివరలు నాళం లోపలి పొర కింద, కొన్నిచోట్ల ఆ పొర కణాల సందుల్లో కూడా, వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వేగంగా పనిచేసేది: అన్నం మెతుకో నీటి బొట్టో దారి తప్పినప్పుడు పొలమారేది దీనివల్లే. రెండోది సీ తంతువులనే నెమ్మది రకం. పొగ, ఘాటు, మంట పుట్టించే రసాయనాల్లాంటివి పసిగట్టడం దీని పని.

వైరస్ వచ్చినప్పుడు మూడు పనులు జరుగుతాయి. ఫ్లూ అయితే లోపలి పొర కణాలు ఊడిపోయి నరాల చివరలు బయటపడతాయి. ఆ పొర మళ్లీ పూర్తిగా అల్లుకోవడానికి వారాలు పడుతుంది. రెండోది, దెబ్బతిన్న కణాల నుంచీ రక్షణకొచ్చిన తెల్లకణాల నుంచీ బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్, ఏటీపీ లాంటి రసాయనాలు ఊరి, నరం ఎంత చిన్న కదలికకైనా స్పందించేలా చేస్తాయి. మూడోది, నరాల మీద ఘాటును పట్టే గ్రాహకాల సంఖ్యే పెరుగుతుంది. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ పొరను పెద్దగా ఊడగొట్టదు, అయినా వారాల తరబడి దగ్గిస్తుంది. అందుకే లోపల పుండు పడిందన్న మాట కన్నా నరం తీరే మారిందన్న మాట దీనికి బాగా సరిపోతుంది.

ఎండకు కమిలిన వీపు మీద చొక్కా తగిలినా భగ్గుమన్నట్టు, మామూలు గాలి కూడా ఆ నరానికి ఎక్కువైపోతుంది. ఏసీ గదిలోకి అడుగు పెట్టినా, ఫోన్‌లో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడినా, గట్టిగా నవ్వినా, పక్కింట్లో పోపు పెట్టినా దగ్గు తెర వచ్చేది అందుకే.

నరం దగ్గు తెప్పించడం సరే. వాపు కూడా తెప్పిస్తుందా?

తెప్పిస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఇది. సీ తంతువు కబురు మెదడుకు పంపి ఊరుకోదు. అదే కబురు దాని పక్క కొమ్మల్లోకి వెనక్కి తిరిగి, అక్కడి చివరల నుంచి సబ్‌స్టెన్స్ పీ, న్యూరోకైనిన్ ఏ, సీజీఆర్‌పీ అనే పదార్థాలను విడుదల చేయిస్తుంది. ఇవి ఊరిన చోట సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల్లోంచి నీరు కారి పొర ఉబ్బుతుంది, జిగురు గ్రంథులు కఫం ఊరుస్తాయి, నాళం చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. ఇక్కడ సూక్ష్మజీవి లేకుండానే వాపు ఉంది. హంగరీకి చెందిన మిక్లోష్ యాంచో బృందం 1967లో అచ్చయిన ప్రయోగాల్లో దీన్ని చూపించింది. వాళ్లు వాడింది మిరపలోని కాప్సైసిన్‌నే. కాప్సైసిన్‌తో ఆ నరాలను ముందే మొద్దుబారిస్తే అలాంటి వాపు రాలేదు.

మామూలు రోజుల్లో సబ్‌స్టెన్స్ పీ ఊరినా ఎక్కువసేపు నిలవదు. నాళాల పొరలోని నెప్రిలైసిన్ అనే ఎంజైము దాన్ని వెంటనే ముక్కలు చేస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో వైరస్ సోకాక ఈ ఎంజైము పనితనం తగ్గింది. అంటే ఊరేది పెరిగి, విరిగేది తగ్గుతుంది. శిశువులను ఎక్కువగా పట్టే ఆర్‌ఎస్‌వీ వైరస్ విషయంలో ఇంకో అడుగు ఉంది. ఎలుకల్లో అది నరాలను పెంచే నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌నీ, సబ్‌స్టెన్స్ పీని అందుకునే గ్రాహకాలనీ పెంచుతుంది.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. నరాలు తెచ్చే ఈ వాపు ఎలుకల్లో, గినీ పందుల్లో చాలా బలంగా కనిపిస్తుంది, మనుషుల్లో అంత కాదు. సబ్‌స్టెన్స్ పీని అడ్డుకునే మందులు ఉబ్బసంలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. కాబట్టి మనుషుల్లో వైరస్ తర్వాతి దగ్గుకు నరం సున్నితత్వం ప్రధాన కారణం, నరాలు తెచ్చే వాపు దానికి తోడు అనుకోవడం సబబు. మొత్తం నేరం సబ్‌స్టెన్స్ పీ మీద మోపే వీడియోలు చూస్తే కొంచెం తగ్గించి నమ్మండి.

జలుబు చేసినప్పటి నుంచి ఎండుమిర్చి వేయించే ఘాటు అస్సలు తట్టుకోలేకపోతున్నాను. ఎందుకు?

సీ తంతువుల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. సుమారు 43 డిగ్రీల వేడికీ కాప్సైసిన్‌కీ రెండిటికీ తెరుచుకునే ద్వారం అది. మిరప కారాన్ని మంట అని కూడా అంటాం కదా, నరం కూడా అలాగే లెక్కేసుకుంటుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దక్కింది. పొగ, ఉల్లి, ఆవ ఘాటులకు స్పందించే టీఆర్‌పీఏ1 దానికి చుట్టం. రైనోవైరస్ సోకిన నరకణాల్లో ఈ రెండూ పెరిగినట్టు ప్రయోగశాలలో చూశారు. దగ్గు మీద పరిశోధన చేసేవాళ్లు మనిషి ఎంత సున్నితంగా ఉన్నాడో కొలవడానికి కాప్సైసిన్ తుంపరలనే పీల్పిస్తారు. జలుబుతో ఉన్నవాళ్లు మామూలు కన్నా తక్కువ మోతాదుకే దగ్గుతారు. మీ వంటింట్లో జరుగుతున్నదీ అదే పరీక్ష, కొలతలు లేకుండా.

మూడు నాలుగు వారాలు పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను ముందే వేయండి, మిర్చి వేయించే పని ఇంకొకరికి అప్పజెప్పండి. కారప్పొడి ఇంట్లో దంచుకునే అలవాటుంటే ఆ పని వాయిదా వేయండి.

మిర్చి యార్డులో పని. దగ్గు తగ్గేదాకా మానుకునే వీలు లేదు. ఏం చేయాలి?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డులోకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, జోరుగా దిగే రోజుల్లో ఈ ప్రశ్న తప్పదు. హమాలీలు, ముచ్చికలు తీసే ఆడవాళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్లు, పక్కనే టీ అమ్మేవాళ్లు, అందరూ పీల్చేది ఘాటు ఒక్కటే కాదు, కాప్సైసిన్ అంటుకున్న సన్న దుమ్ము. తడి కర్చీఫు కట్టుకుంటే పెద్ద రేణువులు ఆగుతాయి, సన్నవి బట్టలోంచీ పక్కల నుంచీ లోపలికి పోతాయి. ఎన్95 మాస్కు ఆ సన్న దుమ్మును ఆపుతుంది, ముక్కు మీది తీగ నొక్కి, గాలి పక్కల నుంచి పోకుండా పెట్టుకుంటేనే. చెమటకు తడిసినా, ఊపిరి పీల్చడం కష్టమైనా మార్చాలి. గడ్డం గుబురుగా ఉన్నవాళ్లకు అది సరిగా అమరదు.

వీలైతే టిక్కీలు కుమ్మరించే చోటు నుంచీ, ముచ్చికలు తీసే చోటు నుంచీ కాటా దగ్గరికో బయటి పనికో మారండి. ఏ పని చేసినా గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు నిలబడితే దుమ్ము మీ మీదికి రాదు. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, కాబట్టి చేతులు వట్టి నీళ్లతో కడిగి కళ్లు నలుపుకుంటే ఆ మంట ఎలా ఉంటుందో యార్డులో వాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు చేతులకు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. పని బట్టలు ఇంట్లో పిల్లల మంచం మీద పడేయకండి. ఆదివారం సెలవు రోజు దగ్గు తగ్గి సోమవారం తిరగబెడుతుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. పని చోటు తెచ్చే ఉబ్బసానికి అది పెద్ద ఆనవాలు.

అయితే కారం తినడం పూర్తిగా మానేయాలా?

అవసరం లేదు. కారం తింటే ఊపిరితిత్తులు పాడవవు. గొంతుకు తగిలి దగ్గు తెర వస్తుంటే కొన్నాళ్లు తగ్గించండి, అంతే. రాత్రి పదింటికి ఘాటైన బిర్యానీ తిని పడుకునేవాళ్ల సంగతి వేరు. కడుపులోని ఆమ్లం పైకి తన్ని, అసలే రగిలి ఉన్న నరాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించండి.

నాకు ఉబ్బసం లేదు. అయినా జలుబు తర్వాత పిల్లికూతలు వస్తున్నాయి.

ఇది ఇంకో రకం నరం తీరు. వేగస్ నుంచే వచ్చే మరికొన్ని తంతువులు అసిటైల్‌కోలిన్ విడుదల చేసి నాళాల కండరాన్ని బిగిస్తాయి. వాటి చివర ఎంటూ అనే గ్రాహకం కళ్లెంలా పనిచేసి, ఊరింది చాలు అని ఆపుతుంది. వైరస్ సోకితే ఆ కళ్లెం సడలుతుందని గినీ పందుల్లో రుజువైంది. అసిటైల్‌కోలిన్ అవసరానికి మించి ఊరి నాళం బిగుసుకుంటుంది. ఇప్రాట్రోపియం ఇన్‌హేలర్ పనిచేసేది ఈ దారి మీదే. వైరస్ తర్వాతి దగ్గులో డాక్టర్లు కొందరికి దాన్ని రాసేది అందుకే.

అయితే ప్రతి జలుబుకూ పిల్లికూతలు, ఆయాసం వస్తుంటే అది దాగి ఉన్న ఉబ్బసం కావచ్చు. స్పైరోమెట్రీ, అంటే గాలి ఊదించి కొలిచే పరీక్ష, చేయించుకోండి. నాళాలను సడలించే మందు పీల్చాక ఒక సెకనులో ఊదే గాలి 12 శాతం, కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గుతుంది.

కఫం పచ్చగా వస్తోంది. అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకుంటే పోదా?

పోదు. పచ్చదనం బ్యాక్టీరియాది కాదు. తెల్లకణాల్లో ఉండే ఒక ఎంజైము రంగే ఆకుపచ్చ, వైరస్ జలుబులోనూ అది కనిపిస్తుంది. నరం రగిలి వచ్చే దగ్గుకు యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. మందుల షాపులో అడిగి లీవోఫ్లాక్సాసిన్ తీసుకోవడం మరీ ప్రమాదం. అది క్షయను కొన్నాళ్లు అణిచిపెట్టి, పరీక్షలో దొరక్కుండా చేస్తుంది. దగ్గుకని వేయించుకునే డెక్సా అనే స్టెరాయిడ్ సూదీ అంతే. రెండు రోజులు హాయిగా ఉంటుంది, షుగరు ఉన్నవాళ్లకు 300 దాటినా ఆశ్చర్యం లేదు.

యాంటీబయాటిక్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి: తగ్గిన జ్వరం మళ్లీ రావడం, న్యుమోనియా, కోరింత దగ్గు. గుక్క తిప్పుకోకుండా దగ్గి చివర్లో వాంతి చేసుకుంటే కోరింత దగ్గును తలుచుకోవాలి, పెద్దవాళ్లలోనైనా సరే.

దగ్గు సిరప్ ఏది మంచిది?

మన షాపుల్లో దొరికే సిరప్‌లు చాలావరకు మూడు నాలుగు మందుల కలగలుపు: లీవోసాల్బుటమాల్, అంబ్రోక్సాల్, గ్వైఫెనెసిన్. పిల్లికూతలు లేని పొడిదగ్గుకు ఇవి పనికిరావు, లీవోసాల్బుటమాల్ వల్ల చేతులు వణకడం, గుండె దడ మిగులుతాయి. రాత్రి నిద్ర పట్టని పొడిదగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కొంత ఊరట ఇస్తుంది. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. కోడీన్ 12 ఏళ్ల లోపు పిల్లలకు అసలే వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచించింది.

దగ్గు తెర వచ్చినప్పుడు ఆపే ఉపాయం ఉందా?

ఉంది, మందు కన్నా ఇదే మేలు. నరం దురద పెట్టినప్పుడల్లా దగ్గితే, ఆ దగ్గు దెబ్బకే స్వరపేటిక ఇంకా కమిలి నరం ఇంకా రగులుతుంది. ఆ చక్రాన్ని తెంచాలి.

గొంతులో గరగర మొదలవగానే నోరు మూసేయండి. ఒకసారి గుటక వేయండి, లేదా ఒక చిన్న గుక్క నీళ్లు తాగండి. ముక్కుతో మెల్లగా, పొట్ట ఉబ్బేలా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు వదలండి. ఇలా ఐదారు సార్లు. నోటితో ఒక్కసారిగా గాలి లాగకూడదు. చల్లని పొడిగాలి నేరుగా తగిలి తెర మళ్లీ మొదలయ్యేది అక్కడే. ఖంఖం అంటూ గొంతు సవరించుకోవడం కూడా దగ్గు కిందే లెక్క, దాని బదులు గుటక వేయండి. మొదటి రెండు రోజులు చాలాసార్లు విఫలమవుతారు. వారం పట్టుదలగా చేస్తే తెరలు పలచబడతాయి. కఫం నిజంగా ఊరుతున్నవాళ్లు మాత్రం దాన్ని దగ్గి బయటికి తీసేయాలి, అణచకూడదు.

ఆవిరి, తేనె, మిరియాల కషాయం పనిచేస్తాయా?

తేనె పనిచేస్తుంది, ముఖ్యంగా రాత్రి. ఏడాది దాటిన పిల్లలకు అర చెంచా, ఆరేళ్లు దాటితే చెంచా. ఏడాది లోపు పిల్లలకు చుక్క కూడా వద్దు, బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. పెద్ద గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పుతో పుక్కిలిస్తే గొంతుకు హాయి. మిరియాలు, శొంఠి ఘాటు కూడా ఇదే టీఆర్‌పీవీ1ను తడుతుంది. పలచగా, గోరువెచ్చగా తాగితే కొందరికి బాగుంటుంది, చిక్కటి కషాయం కొందరిని ఇంకా దగ్గిస్తుంది. తాగి చూసి, మీ గొంతు ఏమంటే అది.

ఆవిరి ముక్కును సడలిస్తుంది, దగ్గును కుదర్చదు. మరిగే గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లలను కూర్చోబెట్టవద్దు, గిన్నె ఒరిగి తొడలు కాలడం ఏటా చూసేదే. రెండేళ్ల లోపు పిల్లల ఛాతీకి కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్ రాయకండి.

బీపీ మాత్రకూ దీనికీ సంబంధం ఉందంటారు. నిజమేనా?

నిజం. మీ మాత్ర పేరు ప్రిల్ అని ముగిస్తే, అంటే ఎనాలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటివైతే, అది అడ్డుకునే ఎంజైము బ్రాడికైనిన్‌తో పాటు సబ్‌స్టెన్స్ పీని కూడా విరిచేదే. విరగక పేరుకుంటే పొడిదగ్గు వస్తుంది. ఏళ్లుగా ఇబ్బంది లేకుండా వాడుతున్న వ్యక్తికి జలుబు చేశాక ఈ దగ్గు బయటపడి, తప్పంతా జలుబు మీదికి పోవచ్చు. మాత్ర మీరుగా ఆపకండి. డాక్టరు టెల్మిసార్టాన్ లాంటిదానికి మార్చాక సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు కూడా పట్టొచ్చు.

ఇన్‌హేలర్ రాశారు. అలవాటైపోతుందా?

అలవాటు పడే మందు కాదు. తప్పుగా పీల్చి, పనిచేయలేదని పారేసేవాళ్లే ఎక్కువ. ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టాన్ని స్పేసర్ అంటారు. స్పేసర్‌తో వాడండి: డబ్బా బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలతో స్పేసర్ మూతి బిగించి, ఒక్క పఫ్ నొక్కి, మెల్లగా పీల్చి 10 సెకన్లు ఆపాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగాలి. రెండూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. స్టెరాయిడ్ రకమైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి, బట్టతో తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందును లాగేస్తుంది.

8 వారాలు దాటి, అన్ని పరీక్షలూ బాగున్నా దగ్గు పోకపోతే?

అప్పుడు నరాన్ని శాంతపరిచే మందుల వంతు. గాబాపెంటిన్ ఇలాంటి మొండి దగ్గుకు ఉపయోగపడుతుందని 2012లో తేలింది. మగతగా ఉంటుంది, కొద్ది కొద్దిగా పెంచాలి, హఠాత్తుగా ఆపకూడదు. దీన్ని సొంతంగా వేసుకోకండి. ఏటీపీని పట్టే గ్రాహకాన్ని మూసే గెఫాపిక్సాంట్‌ను 2022లో జపాన్, 2023లో యూరప్ అనుమతించాయి, అమెరికా అనుమతించలేదు. దాంతో వచ్చే చిక్కు, నాలుకకు రుచి మారిపోవడం.

ఏ లక్షణాలుంటే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి?

రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం ఉన్నా, కఫంలో రక్తం పడినా అదే రోజు వెళ్లండి. పిల్లాడు కుదురుగా ఉన్నప్పుడు నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 అందుకున్నా, దాటినా, డొక్కలు లోపలికి ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆలస్యం వద్దు.

రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా క్షయ ఉందేమో చూసే కళ్లె పరీక్ష చేయించాలి, అది వైరస్ తర్వాతిదేనని మీకు ఎంత గట్టిగా అనిపించినా. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఉచితం. పొద్దున్నే, పళ్లు తోమకముందు, వట్టి నీళ్లతో పుక్కిలించి, లోతుగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా, డబ్బా మూత బిగించకపోతే మళ్లీ రమ్మంటారు.